కోదాడలో ప్రతిపదార్థం

ప్రతిపదార్థం అనగానే మీలో సగం మందికి పద్యం గుర్తొస్తుంది. పరీక్షలో నాలుగు పాదాలిచ్చి ప్రతిపదార్థ తాత్పర్యాలు రాయమనేవాళ్లు. నేను చెప్పబోయేది ఆ ప్రతిపదార్థం గురించి కాదు. కానీ ఆ రెండింటికీ తేడా తెలియకపోవడం వల్ల కూడా మా కాలేజీలో కొంత గందరగోళం జరిగింది కాబట్టి ముందే చెబుతున్నాను.

నేను డిగ్రీ కాలేజీలో ఫిజిక్స్ చెప్పి ఈమధ్యే రిటైరైన మనిషిని. ఉద్యోగం మిర్యాలగూడలో మొదలై కోదాడలో ముగిసింది. కాపురం మాత్రం మొదటినుంచీ సూర్యాపేటలోనే. అంటే నా సర్వీసులో క్లాసుల్లో నిలబడ్డ సమయమెంతో, బస్సుల్లో నిలబడ్డ సమయమూ అంతే. ఇప్పుడు ఉద్యోగాల్లో చేరుతున్న మీకు నా నుంచి గొప్ప అనుభవాలేమీ దొరకవు గానీ, ఊరంతా నన్ను చూసి భయపడ్డ ఒక సంఘటన మాత్రం ఉంది. అది చెబుతాను.

కోదాడలో మూడో సంవత్సరం బీఎస్సీ క్లాసు. కణం, ప్రతికణం అనే పాఠం చెబుతున్నాను. శక్తి నుంచి పదార్థం పుట్టేటప్పుడు ఒంటరిగా పుట్టదు. ఎలక్ట్రాన్ పుడితే దాని పక్కనే, అచ్చం దానిలాగే ఉండి విద్యుదావేశం మాత్రం తారుమారైన పాజిట్రాన్ పుడుతుంది. ఆ రెండూ మళ్లీ ఎదురుపడితే రెండూ మాయమై వెలుగుగా మారిపోతాయి. ఇలాంటి కణాలతో తయారైనదాన్నే ప్రతిపదార్థం అంటారు. ఇంతవరకూ చెప్పి, బోర్డు తుడిచి, ఇక అటెండెన్స్ తీసుకుందామనుకుంటుంటే రెండో బెంచీలోంచి ఒకమ్మాయి లేచింది.

"మేడం, జంటగనే పుడితే జంటగనే పోవాలె గదా. మొదట్ల విశ్వం పుట్టినప్పుడు గూడ గట్లనే అయ్యుంటది. మరి మనమెట్ల మిగిలినం?"

ఆ అమ్మాయిది దామరచర్ల దగ్గర పల్లె. హాస్టల్లో ఉండి చదువుకునేది. ఇంటి దగ్గర గొర్రెలున్నాయి. తండ్రి బండి మీద ఊరూరా తిరిగి ఆవులకు, గేదెలకు చూడి కట్టే ఇంజక్షన్లు వేస్తాడు. ఆ పిల్ల మాట్లాడటం తక్కువ. మాట్లాడిందంటే క్లాసంతా ఆమె వైపు తిరిగి చూస్తుంది.

"అది చాలా పెద్ద ప్రశ్నమ్మా. ఇంతవరకూ ఎవరికీ తెలియదు," అన్నాను.

"అంటే మన సిలబస్‌ల లేదా, ఎవ్వరికీ తెల్వదా?"

"ఎవ్వరికీ తెలియదు."

"అయితే పరీక్షల రాదు," అని వెనక బెంచీ నుంచి ఎవరో ఊపిరి పీల్చుకున్నారు. అందరూ నవ్వారు. ఆ అమ్మాయి నవ్వలేదు. క్లాసయ్యాక తలుపు దగ్గర నా దారికి అడ్డం నిలబడింది.

"అసలు ప్రతికణం ఉన్నదని ఎట్ల నమ్మాలె మేడం? ఒక్కపాలి సూపెట్టుండ్రి."

నా ఉద్యోగంలో ఎన్నో అడిగారు. మార్కులు అడిగారు, సెలవులు అడిగారు, ప్రాక్టికల్ రికార్డు మీద ముందు తేదీతో సంతకం అడిగారు. పాజిట్రాన్‌ను చూపించమని ఎవరూ అడగలేదు. సరే, సైన్స్ డే వస్తోంది కదా, ఏదో ఒకటి చేద్దామన్నాను.

చేయడానికి మార్గం లేకపోలేదు. మేఘపు పెట్టె అని ఒకటుంటుంది. చేపలు పెంచే గాజు తొట్టి, అడుగున నల్ల రంగు వేసిన అల్యూమినియం రేకు, పైన స్పిరిట్‌లో తడిపిన దళసరి గుడ్డ. రేకును కింది నుంచి బాగా చల్లబరిస్తే తొట్టిలో సన్నటి మంచు పొరలాంటిది కమ్ముకుంటుంది. కంటికి కనబడని కణం ఏదైనా అందులోంచి దూసుకుపోతే వెనక తెల్లటి గీత మిగులుతుంది, ఆకాశంలో విమానం వెళ్లినట్టు. పక్కన అయస్కాంతం పెడితే ఎలక్ట్రాన్ గీత ఒక పక్కకు ఒంగుతుంది, పాజిట్రాన్ గీత రెండో పక్కకు. అయస్కాంతాన్ని పాత డీజే డబ్బా స్పీకర్లోంచి పీకించాం. ఇక కావలసింది చల్లదనం, దానికి డ్రై ఐస్, అంటే గడ్డకట్టిన కార్బన్ డయాక్సైడ్.

ఈ పనిలో నాకు తోడు నిలిచింది పక్క గది కెమిస్ట్రీ మాస్టారు. ఆయనది జగ్గయ్యపేట వైపు. మంచి మనిషి, నోరు మాత్రం ఆగదు. పాజిట్రాన్లు ఎక్కడి నుంచి తెస్తారని అడిగితే, అరటిపండులో పొటాషియం ఉంటుంది కదా, అందులో కాస్త రేడియో ధార్మికత ఉంటుంది, ఎప్పుడో ఒకసారి దాంట్లోంచి పాజిట్రాన్ వస్తుందని చెప్పాను. ఆయన ఆనందం పట్టలేకపోయారు. "అరటిపళ్ల ఖర్చు నాదండీ మేడం" అని ఆ క్షణమే ప్రకటించేశారు.

పిల్లలు గేటు దగ్గర బోర్డు పెట్టారు: 'రండి, ప్రతిపదార్థాన్ని చూడండి.' ఆ సాయంత్రమే తెలుగు మాస్టారు నా గదికొచ్చారు.

"మేడం, మా సరుకు మీరెప్పుడు తీసుకున్నరు? ప్రతిపదార్థం చెప్పాలంటే మా డిపార్ట్‌మెంట్ ఉన్నది గదా. కనీసం ఒక మాట అడగొద్దా?"

విషయం చెప్పి టీ తాగించి పంపేసరికి అరగంట పట్టింది. అదే సమయంలో పక్క గదిలో కెమిస్ట్రీ మాస్టారు తన క్లాసులో, "ప్రతిపదార్థమంటే మాటలా? ఒక్క గ్రాము చాలు. మామూలు పదార్థానికి తగిలిందంటే కోదాడ ఉండదు," అని సరదాగా చెబుతున్నారు. ఆ మాటలో అబద్ధం లేదు. గ్రాము ప్రతిపదార్థం ప్రపంచంలో ఎవరి దగ్గరా లేదన్న రెండో మాటే ఆయన చెప్పలేదు. బెల్లు కొట్టారట.

ప్రదర్శనకు ముందురోజు డ్రై ఐస్ హైదరాబాద్ నుంచి వచ్చింది. సూర్యాపేటలో అందుకుని, థర్మోకోల్ డబ్బాను కాళ్ల దగ్గర పెట్టుకుని కోదాడ బస్సెక్కాను. డ్రై ఐస్ కరగదు, నేరుగా ఆవిరవుతుంది. అందుకని డబ్బా మూత వదులుగా ఉంచాలి, లేకుంటే ఆ ఒత్తిడికి మూత ఎగిరిపోతుంది. మునగాల దాటాక ఎక్కడో గతుకుల్లో మూత పక్కకు జరిగి సన్నగా తెల్లటి పొగ రావడం మొదలైంది. నేను కిటికీకి తల ఆనించి కునుకు తీస్తున్నాను.

నా పక్కన కూర్చున్న పెద్దావిడకు ఆ పొగ కనబడింది. ఎంత దయగల మనిషో! నన్ను లేపి కంగారు పెట్టడమెందుకని, తన సీసాలో నీళ్లన్నీ ఆ డబ్బాలో పోసింది.

డ్రై ఐస్ మీద నీళ్లు పడితే ఏమవుతుందో పెళ్లి ఫంక్షన్లలో చూసే ఉంటారు. వధూవరులు మేఘాల్లో నడిచి వస్తారు. మా బస్సులో మేఘాల్లోంచి కండక్టర్ నడిచి వచ్చాడు. అరుపులు, కేకలు. డ్రైవర్ బస్సును పక్కకు ఆపాడు. అందరం హైవే మీదకు దిగాం. పెద్దావిడ నా చెయ్యి పట్టుకుని, "అంటుకున్నదని పోసిన బిడ్డా, ఏమైతదో ఏమోనని. నీకేం కాలేదు గదా?" అని ఒకటే అడగడం. ఆవిడను ఏమనగలను? ఒక కుర్రాడు అంతా ఫోన్‌లో తీస్తూనే ఉన్నాడు. కండక్టర్ డబ్బాను కర్రతో తోసుకుంటూ కిందికి దించి, "ఏందమ్మా ఇది?" అన్నాడు.

"సైన్స్ అన్నా," అన్నాను. అంతకంటే ఏమీ తోచలేదు.

డబ్బాలో నీళ్లు మాత్రం మిగిలాయి.

తెల్లారేసరికి ఆ వీడియో, కెమిస్ట్రీ మాస్టారి మాట, మా బోర్డు మీది వాక్యం మూడూ కలిసి ఒక వాట్సాప్ మెసేజ్ అయ్యాయి. దాన్ని టైపు చేసిన మహానుభావుడు 'ప్రతి'కి, 'పదార్థా'నికి మధ్య ఒక ఖాళీ వదిలాడు. దాంతో అది ఇలా తయారైంది: 'కోదాడ కాలేజీలో ప్రతి పదార్థం పేలును. పిల్లలను పంపకండి.'

నేను కాలేజీకి చేరేసరికి గేటు బయట జనం. రావద్దని చెబితే ఎంతమంది వస్తారో ఆ రోజే తెలిసింది. తల్లిదండ్రులు, ఆటోల వాళ్లు, బజారులో కొట్లు కట్టేసి వచ్చినవాళ్లు, లారీ పక్కకు ఆపి వచ్చినవాళ్లు. ప్రిన్సిపాల్ గారు నెమ్మదస్తులు, గొడవంటే గిట్టదు. తన గదిలో ఫ్యాను కింద కూర్చునే చెమటలు తుడుచుకుంటున్నారు.

"మేడం, నాకు రిటైర్మెంట్ దగ్గరపడ్డది. జర నన్ను పేలకుండ ఇంటికి పోనియ్యండి. ఇది బంద్ చేద్దాం."

ఆయన ఎదురుగా కుర్చీలో ఎస్సై కూర్చుని ఉన్నాడు. చిన్న వయసు, మర్యాదస్థుడు. నా వెంట ల్యాబ్‌కు వచ్చాడు. తొట్టి చూశాడు, అయస్కాంతం చూశాడు, బల్ల మీద కెమిస్ట్రీ మాస్టారు తెచ్చిన గెల చూశాడు.

"ప్రతిపదార్థం స్టాకు ఎంతున్నది మేడం మీ దగ్గర?"

"ఆ అరటిపళ్లలో ఉంది సార్. మీ ఒంట్లో కూడా ఉంది. అందరి ఒంట్లోనూ పొటాషియం ఉంటుంది. అప్పుడొకటి అప్పుడొకటి పాజిట్రాన్ పుడుతూనే ఉంటుంది, పుట్టగానే పక్కనున్న ఎలక్ట్రాన్‌కు తగిలి పోతూనే ఉంటుంది."

ఆయన చెయ్యి తెలియకుండానే చొక్కా జేబు మీదకు పోయింది. "ప్రమాదమా?"

"పుట్టినప్పటినుంచీ మోస్తున్నారు కదా సార్."

ఆయన కాసేపు ఆలోచించి నవ్వేశాడు. "అయితే చూపెట్టేయండి మేడం. బంద్ చేస్తే ఏదో ఉన్నదని ఇంకా ఎక్కువ అనుకుంటరు. చూస్తే ఖతం."

చూపించడానికి డ్రై ఐస్ లేదని ఆయనకు ఎలా చెప్పాలా అని నేను నిలబడి ఉండగా, ఆ దామరచర్ల అమ్మాయి కళ్లు తుడుచుకుంటూ వచ్చింది. వెనకాల ఆమె తండ్రి. మెసేజ్ చూసి, పొద్దున్నే పని మధ్యలో వదిలేసి, మిర్యాలగూడ మీదుగా బండి మీద వచ్చేశాడు.

"మేడం, నా బిడ్డ టీసీ ఇప్పియ్యుండ్రి. మిర్యాలగూడల బీకాం సదివిపిస్త. గీ పేలుడు సదువు మాకొద్దు."

"నాయినా, పేలదని సెప్తున్న గదా! నువ్వు ఇనవేందే?"

"నువ్వు ఊకో. గిది సదివితే రేపు ఏం పనుంటది? అదన్న సెప్పు."

నాకు ఆ తండ్రిని చూస్తే కోపం రాలేదు. భయపడ్డ మనిషి అంత దూరం బండి నడుపుకుంటూ వచ్చాడు. ఆయన్ని కూర్చోబెట్టి మంచినీళ్లిద్దామని కిటికీలోంచి అటెండర్‌ను పిలవబోతే, చెట్టు నీడన ఆగిన బండి కనబడింది. వెనక సీటుకు తాళ్లతో కట్టిన అల్యూమినియం క్యాను, పాలక్యాను లాంటిది, మెడ మాత్రం సన్నం. నాకు ఒక్కసారిగా వెలిగింది. పశువుల వీర్యపు గొట్టాలను చెడిపోకుండా దాచేది ద్రవ నైట్రోజన్‌లో కదా! డ్రై ఐస్ దాని ముందు వేసవికాలం.

"అన్నా, మీ క్యాను నిండా ఉన్నదా?" అన్నాను.

ఆయన బిత్తరపోయాడు. టీసీ అడిగితే క్యాను సంగతి అడుగుతున్నానేమిటని. "నిన్ననే నింపిచ్చిన. ఎందుకు?"

కూతురికి అప్పటికే అర్థమైపోయింది. ఏడుపు మరిచి తండ్రి చెయ్యి పట్టుకుని ఊపేస్తోంది. ఆయన చాలాసేపు గొణిగాడు. లోపల సరుకున్నది, పాడైతే రైతులకు ఏం జవాబు చెప్పాలి అన్నాడు. చివరికి, "పైపైన జరంత తీసుకోండ్రి. నేనే పోస్త. మీరు ముట్టొద్దు, చెయ్యి కాలినట్టయితది," అని తాళ్లు విప్పాడు. "సూపిచ్చినాక టీసీ ఇయ్యాలె మల్ల," అన్నాడు నా వైపు తిరిగి.

క్యాను మూత తీసి థర్మోకోల్ పళ్లెంలో పోయగానే బస్సులో లేచిన పొగకు తాత లాంటి పొగ లేచింది. ఎస్సై గేటు తీయించడంతో వరండాలో కిక్కిరిసిన జనం ఒక్కసారిగా వెనక్కి జరిగారు. అప్పుడే ఎవరో రైతు గొంతు వినబడింది.

"అరే, గిది మన బర్లకు సూదులేసే సామాను గదరా!"

"ఔ, గదే. మా ఆవుకు మొన్ననే ఏపిచ్చిన."

అంతే. వెనక్కి జరిగినవాళ్లంతా ముందుకొచ్చారు. పేలుడు భయం ఎటు పోయిందో తెలియదు గానీ, ఆవు సూదికీ విశ్వానికీ సంబంధమేంటని ప్రశ్నలు మొదలయ్యాయి. మా రేకు మొదట మరీ చల్లబడి అంతా గడ్డకట్టింది. కెమిస్ట్రీ మాస్టారు సుద్దముక్కల పెట్టె విరగ్గొట్టి, ఆ చెక్కముక్కలు రేకు కింద ఎత్తు పెడుతున్నారు. అది కుదురుకునే లోపు జనాన్ని ఆపాలి. ల్యాబ్ గుమ్మంలో స్టూలెక్కాను.

కణం, ప్రతికణం, జంటగా పుట్టడం, జంటగా పోవడం చెప్పాను. మొహాల్లో ఏమీ కదల్లేదు. అప్పుడు మిర్యాలగూడ కాలేజీలో నా క్లాసు గది గుర్తొచ్చింది. కిటికీ తీస్తే రైస్ మిల్లుల లారీలు తూకపు కాంటా కోసం వరసగా ఆగి ఉండేవి.

"మిర్యాలగూడ నుంచి రెండు లారీల బియ్యం బయలుదేరినయనుకోండి," అన్నాను. "ఒక లారీల మంచి బియ్యం. రెండో లారీల ఎదురు బియ్యం. మంచి గింజ, ఎదురు గింజ ఒకదానికొకటి తగిలితే రెండూ మాయం. రెండు లారీలు ఒక్క దగ్గర కుమ్మరించినం. ఏం మిగలాలె?"

"ఏం మిగలదు," అన్నారు నలుగురైదుగురు.

"కానీ ఒక్క గింజ మిగిలింది. మంచి బియ్యం లారీల ఒకే ఒక్క గింజ ఎక్కువున్నది. ఇట్లాంటి లారీల జంటలు లెక్కలేనన్ని, వాటిల ఒక్కొక్కటిగ మిగిలిన గింజలే ఈ నక్షత్రాలు, ఈ భూమి, సూర్యాపేట, కోదాడ, మీరు, నేను. విశ్వమంతా ఆ లెక్కనే మిగిలింది."

లారీ ఆపి వచ్చినతను తల గోక్కున్నాడు. "లారీకి ఒక్క గింజంటే ఏ కాంటల తేడా వస్తది మేడం?"

"రాదు. అందుకే అంత కష్టం. ఆ తేడా పట్టే కాంటా కోసమే ప్రపంచంల ఎంతోమంది ఎతుకుతున్నరు. కొన్ని కణాలకు, వాటి ప్రతికణాలకు నడవడికల రవ్వంత తేడా కనబడ్డది. కానీ అది ఈ గింజకు సరిపోయేంత లేదు."

క్యాను పట్టుకుని నిలబడ్డ తండ్రి అడిగాడు. "మరి ఆ ఒక్క గింజ యాడికెల్లి ఎక్కువొచ్చింది?"

"తెలియదన్నా."

"పెద్ద పెద్ద సైంటిస్టులకు గూడనా?"

"ఎవ్వరికీ తెల్వదు."

ఆయన కూతురి వైపు తిరిగాడు. "ఎవ్వరికీ తెల్వకుంటే మరి నువ్వు సదివేదేందే?"

అందరూ ఆ అమ్మాయినే చూస్తున్నారు. నేను జవాబు చెప్పబోయి ఆగాను. అది నాకు వేసిన ప్రశ్న కాదు.

"తెల్వదు కాబట్టే సదువుతున్న నాయినా. అంత తెలిసిపోతే ఇంగ నాకేం మిగులుతది?"

తండ్రి క్యాను మూత సరిచేశాడు. అప్పుడే లోపలి నుంచి కెమిస్ట్రీ మాస్టారి కేక వినబడింది: "మేడం, వచ్చేసింది, వచ్చేసింది! రండి త్వరగా!"

తొట్టిలో, టార్చి వెలుగులో, నల్ల రేకు మీద తెల్లటి గీతలు. ఒకటి గీసినట్టు సూటిగా. ఒకటి జుట్టు పోగులా సన్నగా, మెలికలు తిరిగి. పుట్టడం, చెదిరిపోవడం. పదేసిమందిని లోపలికి పంపుతుంటే ఎస్సైయే గుమ్మంలో నిలబడి వరస చూసుకున్నాడు. బాంబు చూడాలని వచ్చినవాళ్లు చిన్న గొంతుతో మాట్లాడుకుంటూ బయటికి పోయారు. తెలుగు మాస్టారు రెండుసార్లు వరసలో నిలబడి, పదార్థానికి ఇన్నాళ్లూ తాను చెప్పిన అర్థం చాలలేదని ఒప్పుకున్నారు.

జనం పలచబడ్డాక, అయస్కాంతం పక్కన ఒక చిన్న గీత మిగతావాటికి ఎదురు దిక్కులో ఒంగింది. అమ్మాయి కెవ్వున అరిచింది. "మేడం! గదే! పాజిట్రాన్!"

"కావచ్చు," అన్నాను. "కాకపోనూవచ్చు. అది ఇటునుంచి అటు పోయిందో, అటునుంచి ఇటు వచ్చిందో మనం చూడలేదు. ఎలక్ట్రాన్ అటునుంచి వచ్చినా గీత ఇట్లాగే ఒంగుతుంది."

"మీరేంది మేడం, ఒక్కపాలన్న ఔననరాదా?"

కెమిస్ట్రీ మాస్టారు ఆమె పక్షం చేరారు. "అది నా అరటిపండులోంచే వచ్చిందండీ, నేను చూశాను," అని వాదన. ప్రిన్సిపాల్ గారు, పొద్దుటినుంచీ ఆ గది వైపు రానివారు, ఎప్పుడొచ్చారో ఏమో, మా వెనకాల స్టూలు వేసుకుని కూర్చుని ఉన్నారు. అటెండర్ తలుపులు వేయాలా అని అడిగితే చెయ్యి ఎత్తి ఆగమన్నారు. "ఉండవయ్యా. ఇంకొకటి రానీ."

తండ్రి ఆఫీసు వైపు వెళ్లలేదు. క్యానులో చిన్న కర్ర ముంచి, పైకి తీసి, దాని మీద పేరుకున్న మంచు చూసి, ఇంకా చాలినంత ఉందని లెక్క వేసుకున్నాడు. దాన్ని బండికి కడుతూ, "టీసీ తర్వాత సూద్దాం మేడం," అన్నాడు. "ఇంక పని మిగిలే ఉన్నదంటున్నరు గద." కెమిస్ట్రీ మాస్టారు మిగిలిన అరటిపళ్లు ఆయన హ్యాండిల్‌కు తగిలించారు.

మర్నాడు ఎస్సై ఫోన్ చేశాడు. రిపోర్టులో ఏం రాయాలో తోచక. ప్రతిపదార్థం దొరికిందని రాయాలా, దొరకలేదని రాయాలా అన్నాడు. అందరి ఒంట్లోనూ ఉందని రాయమన్నాను. "అట్ల రాస్తే నన్ను పిచ్చి దవాఖానకు పంపుతరు మేడం," అని, ఫిజిక్స్ ప్రాక్టికల్ జరిగినది, ప్రమాదం లేదు అని రాసి ముగించాడట. ఆ ఏడాది నుంచి ప్రతి సైన్స్ డేకి ముందు కెమిస్ట్రీ మాస్టారు క్లాసులో గ్రాముల లెక్క ఎత్తకూడదని ప్రిన్సిపాల్ గారు నోటి మాటగా ఆర్డరు వేశారు. మాస్టారు ఆ ఆర్డరును పూర్తిగా పాటించలేదు.

ఆ అమ్మాయి ఎమ్మెస్సీ చేసి, ఇప్పుడు దూరంగా ఒక పెద్ద ప్రయోగశాలలో పరిశోధన చేస్తోంది. ఆమె పని చేసే గుంపు వెతుకుతున్నది ఆ గింజ తేడానే. పండుగలకు నాకు ఫోన్ చేస్తుంది. తండ్రి మాత్రం పండుగ లేకుండానే చేస్తాడు. మొన్న కూడా చేశాడు. గొంతులో ఏదో దిగులు.

"మేడం, ఒక మాట అడుగుత, నిజం సెప్పుండ్రి. రేపు ఆ తేడా దొరికిందనుకో. నా బిడ్డ ఉద్యోగం ఖతం అయితదా?"

నవ్వు ఆపుకున్నాను. అదంత తొందరగా దొరికేది కాదన్నా, ఎన్నేళ్లు పడుతుందో ఎవరూ చెప్పలేరు అన్నాను.

అవతల ఆయన ఊపిరి వదిలిన చప్పుడు వినబడింది.

"అట్లయితే మంచిదే మేడం. నా మాట ఇనదు, మీరు సెప్తె ఇంటది. జర నిమ్మలంగ ఎతకమని సెప్పుండ్రి."